తిరుపతి వైపు ల్యాండ్‌స్కేప్ పనిలో ఇరవై ఏళ్లు నిలబడ్డ ఆడవాళ్లు ఉన్నారా?

మట్టిచేతులు
నాకు 34. తోటల డిజైన్‌లో ఇది పదకొండో ఏడు. మొదట చెన్నైలో ఒక ఆఫీసులో చేశా, పెళ్లయ్యాక తిరుపతిలో సొంతంగా చేస్తున్నా. పాపకు మూడేళ్లు. నిన్న రేణిగుంట వైపు ఒక సైటుకు వెళ్తే ఓనరు నా వెనక్కి చూసి "సార్ రాలేదామ్మా?" అన్నాడు. సార్ అంటే మా ఆయన. ఆయన బ్యాంకు ఉద్యోగి, నందివర్ధనానికీ గన్నేరుకూ తేడా తెలియదు. ఎప్పుడూ నవ్వి వదిలేసేదాన్ని, నిన్న మాత్రం ఏడుపొచ్చింది. మా అత్తగారు మంచావిడే. కానీ "కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు కదమ్మా, ఈ ఎండలో ఎందుకు" అంటున్నారు. ఈ పనిలో జుట్టు నెరిసిన ఆడవాళ్లు మన వైపు ఎవరైనా ఉన్నారా? ఎలా నెట్టుకొచ్చారు?

కానుగనీడ
ఉన్నాం తల్లీ. నాకు 52, ఈ పనిలో 27 ఏళ్లు.

చాలా ఏళ్లు డ్రాయింగే పని అనుకున్నా. గీసిచ్చి, నాటించి, బిల్లు తీసుకుని వచ్చేసేదాన్ని. ఏడాది తర్వాత అటువైపు వెళ్తే లాన్ నిండా తుంగ, కరెంటు తీగలకు తగులుతున్నాయని పొగడ చెట్ల తలలు కొట్టేసి ఉండేవి. అది నేను వేసిన తోట అని చెప్పుకోవాలంటే సిగ్గేసేది.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, ఊళ్లోకి నీళ్లొచ్చినప్పుడు. అంతకు ముందే ఒక అపార్ట్‌మెంట్‌ వాళ్లు ప్రహరీ వెంబడి ఎర్రచందనం కావాలన్నారు. మన శేషాచలం చెట్టు, గొప్పగా ఉంటుందని వాళ్ల ముచ్చట. అది రాళ్ల నేలలో, నీరు నిలవని వాలులో పెరిగే చెట్టు. వీళ్లదేమో పల్లపు నేల. తెలిసి కూడా, పని చేజారుతుందని నోరు మూసుకున్నా. నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. నెల పోయాక ఒక్కో చెట్టు బెరడును గోటితో గీకి చూశా. నేరేడు, కానుగ లోపల పచ్చగా ఉన్నాయి. ఎర్రచందనం పద్నాలుగింటిలో పదకొండు లోపల గోధుమరంగుకు తిరిగాయి. తప్పు నాదేనని కమిటీకి చెప్పి, సగం ఖర్చు నేను పెట్టుకుని వాటి చోట కానుగ వేయించా. తిడతారనుకుంటే, నెలనెలా తోట చూసే పని కూడా నాకే ఇచ్చారు. ఇప్పుడు అలాంటివి తొమ్మిది ఉన్నాయి. కొత్త డిజైన్ రాని నెలల్లో ఇల్లు గడిచేది వాటి మీదే.

అప్పటి నుంచి ఎవరేమన్నా ముందు మూడడుగుల గుంత తవ్విస్తా. సాయంత్రం నిండా నీళ్లు పోయించి, పొద్దున్నే ఓనరును పక్కన పెట్టుకుని చూస్తా. నీళ్లు ఇంకకపోతే ఎర్రచందనం ఊసే ఎత్తను. సార్ రాలేదా అని అడిగేవాళ్లకు ఆ గుంత దగ్గర సార్ గుర్తుకు రాడు.

పూలకుండీ
నేను మానేద్దామనుకున్నది ఎండకు కాదు, బాత్‌రూమ్ లేక. కట్టుబడి నడిచే సైట్లలో ఉండదు. నీళ్లు తాగకుండా పని చేసి రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నా. ఇప్పుడు కొటేషన్‌లోనే రాస్తున్నా: ఆడవాళ్లకు తలుపున్న బాత్‌రూమ్, నీళ్లు. ఒక బిల్డరు చదివి నవ్వాడు. నవ్వితే నవ్వాడు, కట్టించాడు. కలుపు తీసే అమ్మలు కూడా ఇప్పుడు నా సైటంటే ముందు వస్తారు.

కానుగనీడ
27 ఏళ్లలో ఈ ముక్క రాయాలని నాకు తట్టలేదు. రేపటి కొటేషన్‌లో రాస్తా.

ఆకువక్క
చంద్రగిరి రోడ్డులో చిన్న నర్సరీ నాది. మేడమ్‌లు తప్పుగా అనుకోకండి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో డిజైన్ చేసి, సైటు పని మగవాళ్లకు వదిలేస్తే సుఖం కదా? లారీ లోడు దించేటప్పుడు కూడా మీరే నిలబడతారు.

పూలకుండీ
అన్నా, పోయిన ఏడాది కడియం నుంచి వచ్చిన లోడు దగ్గర నేను నిలబడకపోయుంటే, వేరుముద్ద విరిగిన పన్నెండు పొగడ మొక్కలు నా లెక్కలో పడేవి. కాండం పట్టుకుని మెల్లగా ఊపాలి. మొక్క ఊగి మట్టిముద్ద కదలకపోతే లోపల విరిగినట్టే. ఇది కంప్యూటర్‌లో కనబడదు.

ఆకువక్క
అదైతే నిజం. నా దగ్గరి నుంచి కూడా ఒక మేడమ్ అలాగే వెనక్కి పంపించింది.

రేలపూలు
నేను డిజైన్ చదవలేదు, అనంతరాజుపేటలో హార్టికల్చర్ చేశా. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ల్యాండ్‌స్కేప్ ఎం.ఆర్క్ ఉంది గానీ దానికి బి.ఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ కావాలి. అందుకని ఒక ఆర్కిటెక్ట్ అక్కతో జత కట్టా. లెవెల్స్, వాననీటి కాలవలు, కడప బండల దారులు ఆమెవి. మట్టి, మొక్క నావి. ఆమె కాన్పుకు వెళ్తే ఆరు నెలలు నేను చూసుకున్నా, నా మోకాలి ఆపరేషన్‌కు ఆమె. డబ్బు గొడవలు రాలేదా అంటే వచ్చాయి, ఒకసారి మూడు నెలలు మాటల్లేవు. అయినా ఒంటరిగా అయితే ఇద్దరం ఎప్పుడో మానేసేవాళ్లం.

విసనకర్ర
అమెరికాలో 1899లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం పెట్టిన పదకొండు మందిలో ఆడమనిషి బియాట్రిక్స్ ఫరాండ్ ఒక్కతే. కెనడాలో కార్నీలియా ఒబర్లాండర్ తొంభై దాటాక కూడా పని చేసింది, 2021లో 99 ఏళ్లకు పోయింది. మట్టిచేతులు గారూ, మీకింకా చాలా టైముంది.

పూలకుండీ
కెనడాలో మన మే నెల ఎండ ఉండదు లెండి.

మట్టిచేతులు
కానుగనీడ అక్కా, నిన్న రేణిగుంట సైటులో గుంత తవ్వించా. ఆ ఓనరుకూ ఎర్రచందనమే కావాలట. సాయంత్రం ఆరింటికి నీళ్లు నింపి, పొద్దున్న ఏడింటికి ఆయన్ను రమ్మన్నా. జానెడు నీళ్లు అలాగే ఉన్నాయి, పైన ఒక చీమ తేలుతోంది. చాలాసేపు చూసి "అయితే ఏం వేద్దామమ్మా?" అన్నాడు. నేరేడు అన్నా. పండ్లు రాలి కారు మీద మరకలు పడతాయట. బేరం నడుస్తోంది.