బెయిర్డ్ పార్కర్ ప్లేటు మీద వలయం లేని నల్ల కాలనీలు: కోవాలో స్టెఫిలోకాకస్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న (కోవా యూనిట్ నాణ్యతా విభాగం):

మాది పాలకోవా, పన్నీరు తయారుచేసే చిన్న యూనిట్. బయటి ల్యాబ్‌కు పంపే ముందు ప్రాథమిక పరీక్షలు మేమే చేసుకుందామని ఆహారాన్ని విషపూరితం చేసే స్టెఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియాను పెంచి గుర్తించే బెయిర్డ్ పార్కర్ అగార్ అనే పోషక మీడియా తెప్పించాము. అచ్చులు పోసిన కోవా నుంచి తీసిన నమూనాను పలుచన చేసి, ప్లేట్ల మీద పరిచి, 37 డిగ్రీల దగ్గర ఉంచాము. 48 గంటల తర్వాత నల్లగా, మెరుస్తూ, ఉబ్బెత్తుగా ఉన్న కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) కనిపించాయి గానీ, బొమ్మల్లో చూపినట్టు చుట్టూ తేటగా ఉండే వలయం ఒక్కదానికీ లేదు. వలయం లేదు కాబట్టి ఇవి స్టెఫిలోకాకస్ ఆరియస్ కాదని కొట్టివేయవచ్చా? అదే బ్యాచ్‌లో బాణలి నుంచి వేడిగా తీసిన నమూనాలో ఒక్క కాలనీ కూడా రాలేదు. అది సురక్షితమని రాయవచ్చా?

జవాబు 1 (ఆహార సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు):

కొట్టివేయకండి. ఈ మీడియాలోని పొటాషియం టెల్యురైట్‌ను బ్యాక్టీరియా లోహ రూపంలోకి మార్చడం వల్ల కాలనీ నల్లబడుతుంది. కోడిగుడ్డు పచ్చసొనను విడగొట్టే ఎంజైము ఉంటే చుట్టూ తేట వలయం ఏర్పడుతుంది. ఈ రెండూ వేర్వేరు లక్షణాలు. పాల పదార్థాల నుంచి వచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ రకాల్లో కొన్నిటికి పచ్చసొన మీద ఆ చర్య అసలు ఉండదు లేదా చాలా బలహీనంగా ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6888 మొదటి భాగం కూడా వలయం లేని కాలనీలను ప్రత్యేకంగా పేర్కొని, అవి పాల ఉత్పత్తుల్లో ఎక్కువగా కనిపిస్తాయని చెబుతుంది. వలయం ఉన్నవి 5, లేనివి 5 ఎంచుకుని, రెండు రకాలనూ కోయాగ్యులేజ్ (ప్లాస్మాను గడ్డకట్టించే ఎంజైము) పరీక్షకు పంపడం పద్ధతి.

నలుపు చూడగానే కంగారుపడనక్కరలేదు కూడా. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, మైక్రోకాకస్, కొన్ని బేసిల్లస్ జాతులు ఈ మీడియా మీద ముదురు రంగులోనే పెరగగలవు. మీడియాలోని లిథియం క్లోరైడ్, గ్లైసిన్ చాలా బ్యాక్టీరియాను అణచిపెడతాయి గానీ పూర్తిగా ఆపలేవు. తేల్చవలసింది కోయాగ్యులేజ్ పరీక్షే. కాలనీని బ్రెయిన్ హార్ట్ ఇన్‌ఫ్యూజన్ అనే పోషక ద్రవంలో 37 డిగ్రీల దగ్గర ఒక రోజు పెంచి, ఆ ద్రవం కొద్దిగా తీసి కుందేలు ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) కలిపి, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గొట్టాన్ని మెల్లగా వంచి చూడండి. ప్లాస్మా జున్నులా గడ్డకట్టి కదలకుండా ఉంటే అది కోయాగ్యులేజ్ పాజిటివ్. గడ్డకట్టకపోతే మరునాడు మళ్ళీ చూడాలి.

పచ్చసొన, టెల్యురైట్ మిశ్రమం ఎప్పుడు కలిపారో మీరు రాయలేదు. అగార్ సుమారు 47 నుంచి 50 డిగ్రీలకు చల్లారాకే కలపాలి, కలిపిన ప్లేట్లను త్వరగా వాడాలి. వలయం మసకబారడానికి పాత ప్లేట్లు కూడా కారణం కావచ్చు. కోవా లాంటి కొవ్వు పదార్థాన్ని సుమారు 45 డిగ్రీల వేడి ఉన్న 2 శాతం సోడియం సిట్రేట్ ద్రావణంలో కలిపితే ఉండలు కట్టకుండా చక్కగా విడిపోతుంది.

జవాబు 2 (ఆహార పరీక్షల విశ్లేషకురాలు, హైదరాబాద్):

రెండో ప్రశ్నకు నా సమాధానం: రాయకూడదు. ప్లేటు బతికున్న బ్యాక్టీరియాను మాత్రమే చూపుతుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ విడుదల చేసే ఎంటెరోటాక్సిన్ అనే విషపదార్థం వేడికి తట్టుకుంటుంది. పాలు మరిగించి కోవా చేస్తే బ్యాక్టీరియా చచ్చిపోవచ్చు గానీ, అప్పటికే పాలలో చేరిన విషపదార్థం మిగిలే ఉంటుంది. 2000వ సంవత్సరం వేసవిలో జపాన్‌లో స్నో బ్రాండ్ సంస్థ తక్కువ కొవ్వు పాల వల్ల 13 వేల మందికి పైగా అస్వస్థులయ్యారు. హొక్కైడోలోని తైకి కర్మాగారంలో విద్యుత్ ఆగిపోయినప్పుడు వెచ్చగా నిలిచిపోయిన పాలలో బ్యాక్టీరియా పెరిగి టాక్సిన్ తయారైంది, ఆ పాలతో చేసిన పొడి ద్వారా అది ఆ తక్కువ కొవ్వు పాలలోకి వెళ్ళింది. తర్వాతి వేడికి బ్యాక్టీరియా పోయింది, టాక్సిన్ పోలేదు. అనుమానం ఉన్న బ్యాచ్‌కు ఎలైజా (ప్రతిదేహాలతో టాక్సిన్‌ను పట్టే పరీక్ష) లాంటి టాక్సిన్ పరీక్ష చేయించాలి. మీ బాణలి నమూనాలో లేని కాలనీలు అచ్చుల నమూనాలో వచ్చాయంటే, వేడి తగ్గాక చేతుల నుంచో, పళ్ళాల నుంచో, గుడ్డల నుంచో చేరాయేమో చూడండి. కోవా ముద్ద చేసేవారి వేళ్ళకు పుండ్లు ఉన్నాయా, పాలిచ్చే పశువులకు పొదుగువాపు ఉందా అన్నది నేనైతే ముందు అడుగుతాను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. మిశ్రమం కలిపే ముందు ఉష్ణోగ్రత కొలవలేదు, ఈసారి కొలుస్తాము. కుందేలు ప్లాస్మా దొరకడం ఆలస్యమైతే ఆసుపత్రి నుంచి తెచ్చిన మనుషుల ప్లాస్మా వాడవచ్చా?

జవాబు 1 (అధ్యాపకుడు):

వద్దండి. మనుషుల ప్లాస్మాలో ఈ బ్యాక్టీరియాకు ప్రతిదేహాలు ఉండి ఫలితం మారవచ్చు, పైగా దానివల్ల అంటువ్యాధుల ప్రమాదమూ ఉంది. కుందేలు ప్లాస్మా దానంతటదే గడ్డకట్టకుండా సిట్రేట్ గానీ ఈడీటీఏ గానీ కలుపుతారు; సిట్రేట్ కన్నా ఈడీటీఏ కలిపినది తీసుకోండి. సిట్రేట్‌ను వాడుకునే ఇతర బ్యాక్టీరియా ఉంటే ప్లాస్మా దానంతటదే గడ్డకట్టి తప్పుడు పాజిటివ్ చూపుతుంది. లెక్కపెట్టడం పూర్తయిన ప్లేట్లను ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరి పాత్రలో) 121 డిగ్రీల దగ్గర శుద్ధి చేశాకే పారవేయండి. సాల్మొనెల్లా, లిస్టీరియా పరీక్షలను మాత్రం కోవా చేసే భవనంలో పెట్టుకోకండి; వాటికోసం ద్రవంలో బ్యాక్టీరియాను ముందుగా భారీ సంఖ్యలో పెంచుతారు గనుక, అవి గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపడమే మంచిది.