జర్మనీ చలికాలం: గదిలో నల్ల బూజు, పొంగని దోసెల పిండి

పప్పుచారు:
డ్రెస్డెన్‌లో స్టూడెంట్ హాస్టల్, ఒంటి గది. తెల్లారేసరికి కిటికీ అద్దం మీంచి నీళ్లు కారుతున్నాయి, మంచం వెనక మూల నల్ల బూజు. హీటర్ 5లోనే ఉంది, కిటికీ రోజంతా పైనుంచి కాస్త వాల్చే ఉంటోంది. అయినా తగ్గట్లేదు. బయటంతా మంచు, తడి. కిటికీ బార్లా తెరిస్తే ఆ చెమ్మ కూడా లోపలికి రాదా? ఇంకో సమస్య, దోసెల పిండి రాత్రంతా పెట్టినా పొంగట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మీటర్‌గేజ్:
ముందు హీటర్ సంగతి. ఆ అంకెలు వేడెక్కే వేగానివి కాదండీ, గది ఏ వేడి దగ్గర ఆగాలో చెప్పేవి. 1 అంటే సుమారు 12 డిగ్రీలు, 2 అంటే 16, 3 అంటే 20, 4 అంటే 24, 5 అంటే 28. 5లో పెడితే గది త్వరగా వేడెక్కదు, 20 దగ్గర ఆగాల్సింది ఆగకుండా పోతుందంతే. 3 చాలు. హీటర్ మీద అంకెలుండే మర మీద కర్టెన్ పడకుండా చూడండి. పడితే ఆ మూల వెచ్చబడి, గది వేడెక్కిందనుకుని వాల్వ్ మూసుకుంటుంది.

అసలు తప్పు వాల్చిన కిటికీ. దాంతో గాలి పెద్దగా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం గంటల తరబడి చల్లబడుతుంది. బూజు పట్టేది ఆ చల్లటి గోడకే. ఇక్కడివాళ్లు చేసే ష్టోస్‌ల్యుఫ్టెన్ చేయండి: హీటర్ కట్టేసి, కిటికీ మొత్తం తెరిచి 5 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. గది తలుపు కూడా తీస్తే ఇంకా మంచిది. ఐదు నిమిషాల్లో గాలి మారుతుంది గానీ గోడలు చల్లబడవు, అందుకే మూసిన కాసేపటికే గది మళ్లీ వెచ్చబడుతుంది.

బయటి చెమ్మ భయం వద్దు. సున్నా డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉన్నా, అదే గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 20 శాతం చిల్లరే అవుతుంది. చల్లగాలి మోయగలిగే నీరే తక్కువ. మంచు కురుస్తున్నప్పుడు కూడా ధైర్యంగా తెరవండి.

గుంటూరుకారం:
పైదంతా కరెక్టే, కానీ గదిలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా చూడాలి. బట్టలు గదిలోనే ఆరేస్తున్నారా? ఒక లోడు ఆరితే కనీసం లీటరున్నర నీరు గది గాలిలో కలుస్తుంది. మెషిన్‌లో స్పిన్ 1400కి పెంచండి, హాస్టల్ బేస్‌మెంట్‌లో ఆరేసే గది ఉంటే అక్కడే ఆరేయండి. అన్నం, పప్పు మూతపెట్టి వండండి. స్నానమయ్యాక బాత్రూం తలుపు గదిలోకి తెరిచి వదిలేయొద్దు.

పది యూరోల్లో గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ దొరుకుతుంది, కొనండి. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మామూలుగా సరే. కానీ గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే, 15 డిగ్రీలున్న గోడకు కూడా బూజు పట్టొచ్చు. మంచం వెనక మూల సరిగ్గా అలాంటిదే. మంచం, బీరువా బయటి గోడకు ఆనించకుండా పది సెంటీమీటర్లు జరపండి.

చలిపులి:
పట్టిన బూజుకు వెనిగర్ పూయమని చాలామంది చెబుతారు, వినొద్దు. గోడ సున్నం వెనిగర్‌ను విరిచేస్తుంది, మిగిలింది బూజుకే మేత. 70 నుంచి 80 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి, అదీ అర చదరపు మీటరు లోపు బూజుకే. కిటికీ తెరిచి, గ్లౌజులు, మాస్కు వేసుకుని, దగ్గర్లో మంట లేకుండా. పొడిగా గీకితే గదంతా పరుచుకుంటుంది. తుడిచే ముందే ఫొటోలు తీసి, తేదీతో హౌస్‌మైస్టర్‌కు, అంటే బిల్డింగ్ బాగోగులు చూసే ఉద్యోగికి, ఈమెయిల్ పెట్టండి. లోపం కనపడగానే చెప్పడం అక్కడి చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్ల బాధ్యత. చెప్పకపోతే రేపు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోస్తారు.

పప్పుచారు:
థాంక్స్ అండీ. పిండి సంగతి ఎవరూ చెప్పలేదు. రేడియేటర్ మీద పెట్టి చూడొచ్చా?

గుంటూరుకారం:
వద్దు. రేడియేటర్ మీద గిన్నె అడుగు ఉడికినట్టయి గట్టిపడుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది. పైగా చాలా బిల్డింగుల్లో రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా బాయిలర్ తగ్గిస్తారు. పిండికి వేడి కావాల్సిన గంటల్లోనే రేడియేటర్ చల్లబడుతుంది. రాత్రి కాదు, పొద్దున రుబ్బి పెట్టండి.

పిండికి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి. గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం, చెంచాడు మెంతులు. రుబ్బేటప్పుడు చన్నీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లు పోయండి. చలికి ఇదొక్కటే సగం పని చేస్తుంది. గిన్నె సగానికి మించి నింపొద్దు. ఓవెన్ ఉంటే 50 డిగ్రీల్లో రెండు నిమిషాలు తిప్పి ఆపేసి, అందులో పెట్టి తలుపు మూయండి. లోపలి బల్బు వెలిగించి ఉంచమంటారు గానీ, ఎల్‌ఈడీ బల్బయితే వేడి రాదు. ఓవెన్ లేకపోతే, వేడిని కూడా బయటికి పోనివ్వని కూల్‌బాక్స్‌లో గిన్నె, పక్కన వేడినీళ్ల సంచి, ఐదారు గంటలకోసారి నీళ్లు మార్చాలి. 14 నుంచి 18 గంటలు పట్టినా కంగారు పడొద్దు.

చలిపులి:
పెరుగుక్కూడా అదే కూల్‌బాక్స్. అట్టపెట్టెలో అమ్మే హెచ్‌-మిల్క్, అంటే బాగా కాచి నిల్వ ఉండేలా చేసిన పాలు, మళ్లీ కాచక్కర్లేదు, 43 డిగ్రీలకు వెచ్చబెడితే చాలు. లీటరుకు రెండు చెంచాల తోడు, ఏడెనిమిది గంటలు కదపకుండా. పెరుగు తీగ సాగుతుంటే చల్లారిన పాలలో తోడు వేసినట్టు.

కొత్తబ్యాచ్:
అన్నా, ఇంటినుంచి తెచ్చుకునే మిక్సీ అక్కడ పనిచేస్తుందా?

మీటర్‌గేజ్:
పనిచేస్తుంది తమ్ముడూ. జర్మనీలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కన్వర్టర్ అక్కర్లేదు. ప్లగ్ మాత్రం పట్టదు. ఎర్త్ కాంటాక్ట్ ఉన్న 16 ఆంపియర్ల అడాప్టరే కొను. ఫోన్ ఛార్జర్ల కోసం అమ్మే రెండు పిన్నుల చవక రకానికి మిక్సీ తగిలించకు, ఎర్త్ ఉండదు. ఇంకోటి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారమంతా రుబ్బుడు బంద్. పక్కగదివాళ్లు కంప్లైంట్ రాస్తారు.