కణితి ముక్కకు పీడీ-ఎల్1 పరీక్ష ఎందుకు?

ప్రశ్న (వడపళని, చెన్నై): ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న మా నాన్నగారికి ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టే ముందు పీడీ-ఎల్1 పరీక్ష చేయించమన్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి కణితిని ఎందుకు వదిలేస్తుందో దయచేసి వివరించగలరా?

జవాబు: క్యాన్సర్ కణాన్ని చంపగల టి-కణాల (రోగనిరోధక శక్తిలో భాగమైన తెల్ల రక్తకణాల) మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది, కణితి తన మీది పీడీ-ఎల్1 అనే ప్రొటీనుతో దాన్ని నొక్కిపెట్టడం వల్ల, పక్కనే ఉన్నా టి-కణం చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. పీడీ-1ను 1992లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం వెలుగులోకి తెచ్చింది. సీటీఎల్ఏ-4 అనే మరో బ్రేకుపై పనిచేసిన జేమ్స్ అలిసన్‌తో కలిసి ఆయన 2018లో నోబెల్ అందుకున్నారు.

మరో జవాబు: పీడీ-ఎల్1 ఎక్కువగా ఉంటే ఈ బ్రేకును తీసే ఇమ్యూనోథెరపీ మందు పనిచేసే అవకాశం పెరుగుతుందే గాని అది హామీ కాదమ్మా, టి-కణాలు లోపలికే చేరని కణితిలో బ్రేకు తీసినా ప్రయోజనం తక్కువ. మా అమ్మకు మూడో డోసు తర్వాత విరేచనాలు పట్టుకుంటే, తిండి పడలేదనుకుని రెండు రోజులు ఊరుకున్నాం. తీరా అది పేగులపై రోగనిరోధక కణాల దాడి అని తేలింది. అలాంటివి కనిపిస్తే ఆ రోజే డాక్టరుగారికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ, పరీక్షకు రేపే ఇస్తున్నాం.