క్యాజువాలిటీలో స్కోరు చూసి ఇంటికి పంపేయొచ్చా?

గాజువాక_నైట్‌డ్యూటీ
వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. ఆత్మహత్యాయత్నం చేసి వచ్చినవాళ్లకి మా దగ్గర ఒక ఫారం ఉంది. టిక్కులు కూడితే రిస్కు తక్కువో ఎక్కువో తేలుతుంది. తక్కువైతే డిశ్చార్జి. మొన్న ఒక కుర్రాడికి తక్కువే వచ్చింది. వాళ్ల నాన్న పక్కనే ఉంటే అన్నిటికీ ‘లేదండీ’ అన్నాడు. ఆయన టీకి కిందికి దిగాక మళ్లీ అడిగా. సెలైన్ ట్యూబు వేలికి చుట్టుకుంటూ ‘ఇంకా అనిపిస్తోందక్కా’ అన్నాడు. ఈ ఫారం ఉంచాలా, తీసెయ్యాలా?

వాల్తేరు_సైకాలజిస్టు
కూడికలు తీసెయ్యాలి. అడగడం మానకూడదు. ఎవరు మళ్లీ ప్రయత్నిస్తారో ఊహించడానికి ఇలాంటి స్కోరు ఫారాలు వాడొద్దని, వాటిని చూసి డిశ్చార్జి తేల్చొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లోనే చెప్పింది. టీ టైములో మీరు అడిగారే, అసలు అసెస్‌మెంటు అదీ. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది వట్టి భయం. తర్వాత అతనితో కూర్చుని సేఫ్టీ ప్లాన్ రాయాలి: ఆలోచన ముదిరే ముందు ఏమవుతుంది, అప్పుడు ఏం చేస్తాడు, ఎవరికి ఫోన్ చేస్తాడు. అన్నీ అతని మాటల్లోనే. ఇంట్లో మందులు ఎవరు తాళం వేసి ఉంచాలో నాన్నతో తేల్చుకోండి. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఇవ్వాలి. ‘ఇంకెప్పుడూ చేయను’ అని సంతకం పెట్టించుకోవడం మాత్రం వద్దు, దానివల్ల ధైర్యం ఆస్పత్రికే.

హౌస్‌సర్జన్_విశాఖ
మేడమ్, రాత్రి రెండింటికి వరసగా యాక్సిడెంటు కేసులు వస్తుంటే టీ టైము ఎక్కడిది? ఫారం ఉండబట్టే కనీసం ఆ ప్రశ్న అడుగుతున్నాం. పైగా ఎంఎల్‌సీ, అంటే పోలీసులకి తెలపాల్సిన కేసు. రేపు ఏమైనా జరిగితే బంధువులు నా కాలర్ పట్టుకుంటారు, ఆ కాగితమే నాకు దిక్కు.

వాల్తేరు_సైకాలజిస్టు
కాగితం ఉంచండి బాబూ, మొత్తం వేసే గడి కొట్టెయ్యండి. ఏం విన్నారో, ఏం చేశారో నాలుగు వాక్యాలు రాయండి, స్కోరు కన్నా అదే మీకు అండ. పోలీసు భయం పేషెంటుకీ ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అతను తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించమంటుంది, శిక్షించమనదు. ముందు ఆ మాట చెప్పి చూడండి.

సీతమ్మధార_అక్క
మా తమ్ముడి ఫారంలో ఏముందో మాకెవరూ చెప్పలేదు. చీటీ మీద ‘రెండు వారాలకి రండి’ అని మాత్రం ఉంది. ఆ వారమంతా అమ్మ వాడి గది గుమ్మంలోనే పడుకుంది. నాలుగో రోజు ఒక నర్సు ఫోన్ చేసి ‘అన్నం తిన్నాడా’ అంది. వాడు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని పావుగంట మాట్లాడాడు.

గాజువాక_నైట్‌డ్యూటీ
ఆ రాత్రి డిశ్చార్జి ఆపించా. పొద్దున సైకియాట్రిస్టు చూశారు. చీటీ వెనక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చా, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. గురువారం నేనే ఫోన్ చేస్తా. ఫారం సంగతి మ్యాట్రన్‌తో తేల్చుకోవాలి.