వానల ముందు నాలుగు నెలల మందుల స్టాక్: సైన్యాల లెక్క మన సబ్ సెంటర్లకు పనికొస్తదా?

ప్రాణహిత గట్టు (సిరోంచ)

అందరికీ నమస్తే. మా దిక్కు వాగులు పొంగితే కొన్ని సబ్ సెంటర్లకు (ఊళ్ల ఆరోగ్య ఉపకేంద్రాలకు) ట్రాక్టర్ కూడా పోదు. అక్టోబరు దాకా సరిపోయే మందులు జూన్ మొదట్లోనే చేరాలె. ఏటా ఒకటే తీరు: బి-కాంప్లెక్స్ డబ్బాలు మిగిలిపోతయి, మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రం ఆగస్టులోనే అయిపోతది. దారి లేని చోట్లకు సైన్యాలు మందులు ఎట్లా లెక్కగట్టి పంపినయి, ఆ పద్ధతి ఎట్లా కుదిరింది? అందులో మనం వాడుకునేది ఏమన్నా ఉంటే లెక్కలతో చెప్పండి.

జయపురం స్టోర్స్ (కోరాపుట్)

ఆ పద్ధతి దెబ్బలు తిన్నాకే కుదిరింది సార్. 1854లో క్రిమియా యుద్ధానికి బ్రిటిష్ వాళ్లు పంపిన మందుల్లో కొన్ని ‘ప్రిన్స్’ అనే ఓడలో మందుగుండు సామాను కింద పడిపోయాయి. ఆసుపత్రి ఉన్న స్కుటారిలో వాటిని పైకి తీయలేక యుద్ధం దగ్గరి రేవు బాలక్లావా దాకా తీసుకెళ్లారు. నవంబరు 14 తుపానులో ఓడ మునిగింది, మందులూ పోయాయి. అదే డిసెంబరులో నిమ్మరసం పీపాలు బాలక్లావాకు చేరాయి. సైనికులు స్కర్వీతో పడిపోతున్నా ఫిబ్రవరి దాకా ఎవరికీ పంచలేదు, రోజువారీ రేషన్ జాబితాలో నిమ్మరసం లేదు కాబట్టి. సరుకు లేక జరిగిన నష్టం కాదిది. ఏది ముందు దించాలో లారీ ఎక్కించేటప్పుడే చూసుకోకపోతే, ఎవరు ఇవ్వొచ్చో కాగితం మీద రాసి ఉండకపోతే, గోడౌన్ నిండా మందులున్నా లేనట్టే.

అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యాధికారి జోనథన్ లెటర్‌మన్ 1862 అక్టోబరులో దీన్ని సరిచేశాడు. అంతకు ముందు ఒక్కో రెజిమెంటు నెలల తరబడి సరిపడే సామాను వెంట మోసుకుపోయేది, కదిలేటప్పుడు చాలా భాగం వదిలేసేది. ఆయన సామానంతా బ్రిగేడు (కొన్ని రెజిమెంట్లు కలిసిన దళం) దగ్గర ఒక బండిలో పెట్టించి, కింద రెజిమెంటుకు ఒక మందుల పెట్టె, డాక్టరుకు ఒక సంచి మాత్రమే ఉంచాడు. పై నుంచి కిందికి నింపుతూ పోవడమే. మీకూ నా సలహా ఇదే. పడవో మనిషో వెళ్లగలిగే సబ్ సెంటర్లకు నెల సరుకు చాలు, మిగతాది పీహెచ్‌సీలో ఉండాలి. పూర్తిగా తెగిపోయే ఊళ్లకే నాలుగు నెలలది పంపండి. అన్నిటికీ సమానంగా పంచితే ఒక చోట ఎక్స్‌పైరీ, ఒక చోట కరువు.

ఇక ప్రైమాక్విన్ సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో ఎండబెట్టిన ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) ఎలా ప్యాక్ చేశారో చూడండి. ఒక డబ్బాలో పొడి ప్లాస్మా సీసా, పక్క డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ సీసా, వాటితోనే ట్యూబు, సూదులు, అన్నీ ఒకే పెట్టెలో. నీళ్లు వేరే ఇండెంటులో (సరుకు కోరే పత్రంలో) రావాలంటే ఆ ప్లాస్మా ఎవరినీ బతికించేది కాదు. మందును మందుగా కాక, ఒక రోగికి పట్టే పూర్తి కోర్సుగా లెక్కపెట్టడం అక్కడ నేర్చుకోవాలి. మనం ఇప్పటికీ ఒకే మలేరియా రోగికి ఇచ్చే రెండు మందులను క్లోరోక్విన్ ఇన్ని వేలు, ప్రైమాక్విన్ ఇన్ని వేలు అని విడివిడిగా రాస్తున్నాం.

గుణుపురం ఫార్మా (రాయగడ)

పై మాటకు అంకెలు జోడిస్తాను. పెద్దవాళ్లకు వైవాక్స్ రకం మలేరియా కోర్సు అంటే క్లోరోక్విన్ 250 మి.గ్రా. మాత్రలు మూడు రోజుల్లో 4, 4, 2, మొత్తం 10. ప్రైమాక్విన్ రోజుకు 15 మి.గ్రా. చొప్పున 14 రోజులు. 7.5 మి.గ్రా. మాత్రలైతే 28. అంటే 60 కేసులకు క్లోరోక్విన్ 600, ప్రైమాక్విన్ 1,680. రెండూ సమానంగా ఇండెంట్ పెడితే ప్రైమాక్విన్ మొదటి 21 మందికే అయిపోతుంది. స్ట్రిప్ మీద 2.5 ఉందా, 7.5 ఉందా, 15 ఉందా చూడకుండా ఎక్కించడం రెండో తప్పు. ఈ 14 రోజుల కోర్సు కూడా కొరియా యుద్ధం నుంచి ఓడల్లో తిరిగొచ్చే సైనికులకు ఇచ్చి స్థిరపరచిందే. ఆ మందుతో కొందరికి రక్తం విరిగిపోవడాన్ని పరిశోధిస్తుంటేనే 1956లో జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండడం) బయటపడింది. గర్భిణులకు, పసిపిల్లలకు ఇది వద్దు. మూత్రం నల్లబడితే ఆపి వెంటనే రమ్మని ప్రతి రోగికీ చెప్పాలి.

ఇంకో రకం మలేరియా ఫాల్సిపారమ్‌కు మందుల ప్యాకులు వయసును బట్టి రంగుల్లో వస్తాయి. ఏడాది లోపు గులాబీ, 1-4కు పసుపు, 5-8కి ఆకుపచ్చ, 9-14కు ఎరుపు, 15 దాటితే తెలుపు. మొత్తం కేసుల సంఖ్యతో కాదు, వయసుల వారీగా ఇండెంట్ పెట్టండి. పిల్లల ప్యాకులు అయిపోతే తెల్ల ప్యాకును ముక్కలు చేసి ఇస్తారు, మోతాదు తప్పేది అక్కడే.

నెల వాడకం తీసేటప్పుడు స్టాక్ లేని నెలలు కలపకండి. ఆరు నెలల్లో 480 మాత్రలు పోయి, అందులో రెండు నెలలు ఖాళీగా ఉంటే నెలకు 120, 80 కాదు. దాన్ని నాలుగుతో గుణించి, నాలుగో వంతు అదనంగా వేసి, చేతిలో ఉన్నది తీసేయండి. ఆ చేతిలో ఉన్నదాంట్లో అక్టోబరు లోపు ఎక్స్‌పైరీ అయ్యేది వాడేంత మటుకే లెక్కలోకి వస్తుంది. మలేరియాకు ఏడాది సగటు పనికిరాదు, నిరుటి జూలై-అక్టోబరు రిజిస్టరే ఆధారం.

మందు చేరినంత మాత్రాన అయిపోదు. మలేరియా మందు క్వినైన్ వచ్చే జావా 1942లో జపాన్ చేతికి పోయి ఆ సరఫరా ఆగిపోయాక సైన్యాలు మెపాక్రిన్ మాత్రల మీదే ఆధారపడాల్సి వచ్చింది. 1943లో బర్మా సరిహద్దులో గాయపడిన ఒక్కడికి జబ్బుతో 120 మందిని వెనక్కి పంపాల్సి వచ్చేది. అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ హఠాత్తుగా తనిఖీలు చేయించి, మాత్ర వేసుకున్నవాళ్లు 95 శాతం కన్నా తగ్గితే ఆ దళాధికారినే తీసేశాడు. ముగ్గురిని తీసేసేసరికి అందరూ దారికొచ్చారు. మన దగ్గర ఆశా కార్యకర్త ఎదుటే మింగించడం, ఖాళీ స్ట్రిప్ వెనక్కి తెప్పించుకోవడం అలాంటి పనే. పద్నాలుగు రోజుల కోర్సును జనం జ్వరం తగ్గగానే మూడో రోజు ఆపేస్తారు.

కలహండి నీళ్లు

బ్లీచింగ్ పౌడర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. బావికి ఎంత పౌడర్ వేయాలో తేల్చే హారాక్స్ పెట్టె కూడా బ్రిటిష్ సైనిక వైద్యుడి చేతి నుంచి వచ్చిందే. నల్ల కప్పులో 2 గ్రాముల పౌడర్ ముద్దలా కలిపి గీత దాకా నీళ్లు పోసి తేర్చాలి. ఆరు తెల్ల కప్పుల్లో బావి నీళ్లు పోసి, ఆ తేటను ఒకటి, రెండు, మూడు అంటూ ఆరు చుక్కల దాకా వేసి, ఒక్కో దాన్ని వేరే పుల్లతో కలిపి అరగంట ఆగాలి. తరవాత స్టార్చ్-అయొడైడ్ (క్లోరిన్ మిగిలి ఉంటే నీలం తేల్చే ద్రవం) మూడేసి చుక్కలు. స్పష్టంగా నీలం తేలిన మొదటి కప్పు మూడోదైతే 455 లీటర్లకు 6 గ్రాములు. అరగంట ఆగకుండా చూస్తే మొదటి కప్పే నీలంగా కనిపిస్తుంది, పౌడర్ తక్కువ పడుతుంది.

3 మీటర్ల వెడల్పు బావిలో 4 మీటర్ల నీళ్లుంటే సుమారు 28,300 లీటర్లు, ఆ లెక్కన దాదాపు 375 గ్రాములు. ఆగస్టులో నీళ్లు 8 మీటర్లకు వస్తే 750. ఎండాకాలం కొలతతో ఇండెంట్ పెట్టినవాళ్లకు సగం తగ్గేది అందుకే. తాజా పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూత తీసిన సంచిలో వానాకాలం గాలికి అది పడిపోతూ ఉంటుంది. కాబట్టి చిన్న ప్యాకెట్లు తెప్పించండి, మాత్రల గదిలో పెట్టకండి. బకెట్‌కు 100 గ్రాములు మించకుండా కలిపి, తేటనే బావిలో పోయండి, అడుగున దిగిన సున్నం వద్దు. గంట దాకా తోడనివ్వకండి.

ప్రాణహిత గట్టు (సిరోంచ)

చాలా సంతోషం. మొత్తం కేసుల లెక్కతో కాకుండా వయసు వారీ పట్టికే తయారు చేస్త. ఇంకొక్కటి: పాము కాటు మందును కూడా సెట్‌గా కట్టాలంటే ఏమేం ఉండాలె?

జయపురం స్టోర్స్ (కోరాపుట్)

పీహెచ్‌సీలో, డాక్టరు ఉండే చోటే పెట్టండి, సబ్ సెంటర్‌లో వద్దు. కరెంటు నమ్మకం లేని చోటికి పొడి రూపంలోదే అడగండి, ద్రవమైతే 2-8 డిగ్రీల్లో ఉండాలి. మొదటి విడతకు 10 వయల్స్. ఆరు గంటలు గడిచాక మళ్లీ చేసే పరీక్షలో రక్తం గడ్డకట్టకపోతే ఇంకో 10 కావాలి, కాబట్టి సెట్టుకు 20. ఒక్కో వయల్‌కు 10 మి.లీ. స్టెరైల్ వాటర్, అంటే 20 ఆంపూల్స్ అదే పెట్టెలో కట్టండి. వాటితో పాటు సెలైన్, ఐవీ సెట్, మందు పడకపోతే ఇవ్వడానికి అడ్రినలిన్, నరాల మీద పనిచేసే విషానికి నియోస్టిగ్మిన్, అట్రోపిన్. రక్తపరీక్షకు శుభ్రమైన, తడి లేని గాజు ట్యూబు మరవకండి. 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ ట్యూబులోనో సబ్బుతో కడిగినదాంట్లోనో చేస్తే ఫలితం తప్పుతుంది. పొడిలో నీళ్లు పోశాక వయల్‌ను కుదపకుండా చేతుల మధ్య మెల్లగా తిప్పాలి. కుదిపితే నురుగొచ్చి మందు పూర్తిగా సిరంజిలోకి రాదు.