తొట్టి గోడకు చెట్టుకప్ప గూడు: ఎలా కాపాడాలి?

మాది గుంటూరు బ్రాడీపేట. మొన్న రాత్రి వాన వెలిశాక పెరట్లోని సిమెంటు తొట్టి లోపలి గోడకు, నీటికి జానెడు ఎత్తున, గుప్పెడంత తెల్లని నురుగు ముద్ద కనిపించింది. సబ్బు నురుగనుకుని కడిగేయబోయాను. పక్కనే కరివేపాకు కొమ్మను కరుచుకుని ఉన్న కప్పను చూసి చెయ్యి ఆగిపోయింది. గోధుమరంగు ఒళ్లు, తొడల వెనుక పసుపు మచ్చలు, వేళ్ల చివర గుండ్రని బిళ్లలు. జంతుశాస్త్రవేత్త గ్రే 1830లో వర్ణించిన పాలిపెడేట్స్ మాక్యులేటస్ అనే చెట్టుకప్ప ఇదేనని నా నమ్మకం.

ఈ జాతి కప్పలు గుడ్లతోపాటు వదిలే జిగురును వెనుక కాళ్లతో, మజ్జిగ చిలికినట్టు చిలికి నురుగు గూడు కడతాయి. పైపొర ఆరి గట్టిపడితే లోపలి గుడ్లు తడి ఆరకుండా ఉంటాయి. గుడ్లు పగిలాక తోకకప్పలు కిందనున్న నీళ్లలోకి జారిపడతాయి.

చిక్కు అక్కడే ఉంది. తొట్టిలోవి క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు; రోజూ వాడుకోక తప్పదు. తొట్టి ఖాళీ చేసి, గూడును కదపకుండా సరిగ్గా కింద వాననీళ్ల బేసిన్ పెడితే చాలా? తోకకప్పలకు పాచి సరిపోతుందా, ఇంకేమైనా వేయాలా? కాళ్లు మొలిచాక ఎక్కడానికి కొమ్మ పెట్టాలా? ఇలా పెంచి వదిలినవారు దయచేసి త్వరగా చెప్పండి. ఈ ఉదయానికే నురుగు పైపొర కాస్త పసుపుబారింది.