ఏనుగు నాణేలు పదకొండున్నాయి, ఒకటి ఉంచుకుంటే చాలదా?

ప్రశ్న:
నమస్తే అండి. మా పెదనాన్న పోయాక ఆయన దాచిన శాతవాహన నాణేలు నా చేతికొచ్చాయి. అన్నీ సీసం, పోటిన్‌ (రాగి, తగరం, సీసం కలిసిన లోహం)వే. తర్వాత నేనూ కొన్ని కొని కలిపాను. మొన్న సర్దుతుంటే ఒకవైపు ఏనుగు, వెనక ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు, దాని నాలుగు కొసలా నాలుగు సున్నాలు) ఉన్నవే పదకొండు తేలాయి. బాగున్నది ఒకటి ఉంచుకుని, మిగతావి ఇచ్చేసి, ఆ డబ్బుతో శాతవాహన రాజు యజ్ఞ సాతకర్ణి ముఖం ఉన్న వెండి నాణెం కొనాలని ఆశ. రెండు మాత్రం డాలస్‌లో ఉన్న తమ్ముడికి పంపుదామనుకుంటున్నా. సలహా చెప్పండి.

జవాబు:
ముందు డాలస్ సంగతి మర్చిపోండి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే. సొంత తమ్ముడికైనా సరే, దేశం దాటించకూడదు. ఫొటోలు పంపండి, చాలు. అమ్మితే లైసెన్సున్న డీలరుకే అమ్మండి, రసీదు తీసుకోండి.

డూప్లికేట్ల విషయంలో నా లెక్క సింపుల్. ఒకే రకం మూడుకు మించి ఉంచుకోను. ఎనిమిదేళ్లు కూడబెట్టి, చివరికి ఏది ఎక్కడుందో తెలియక తల పట్టుకున్నవాణ్ని.

మరో జవాబు:
అన్నగారి మాట కాదనను కానీ, ఆ పదకొండూ ఒకే రకమని ఎవరు తేల్చారు? ఇవి చేత్తో కొట్టిన నాణేలు. చాలాసార్లు అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుకే చుట్టూ ఉన్న అక్షరాల్లో సగమే పడతాయి. నా దగ్గర అలాంటివి రెండున్నాయి. ఒకదానిలో ఏనుగు వీపు మీదుగా ‘సిరి యఞ’ (ప్రాకృతంలో ‘శ్రీ యజ్ఞ’) వరకే కనిపిస్తుంది. రెండోదానిలో ఆ మొదలు లేదు, ‘సాతకణిస’ (‘సాతకర్ణి యొక్క’) ఒక్కటే ఉంది. తొండం పక్కన సన్నటి పగులు గీత రెండింట్లోనూ ఒకేచోట ఉంది, అంటే ఒకే అచ్చు. పక్కపక్కన పెడితేనే పేరు పూర్తయింది. మొదటిది అమ్మేసుంటే రెండోది ఏ సాతకర్ణిదో ఎప్పటికీ తేలేది కాదు.

1939లో విదర్భలోని తర్హాళలో దొరికినవీ ఇలాంటి ఏనుగు నాణేలే. ‘అన్నీ ఒకటేలే’ అని పైపైన చూసి వదిలేసుంటే కుంభ సాతకర్ణి, కర్ణ సాతకర్ణి అనే రాజులున్నారని మనకు తెలిసేది కాదు. పురాణాల జాబితాల్లో వాళ్ల పేర్లు లేవు.

కాబట్టి ఒక సాయంత్రం కూర్చోండి. లైటు పక్క నుంచి పడేలా పెట్టి, ఒక్కోదానిలో ఏ అక్షరాలు పడ్డాయో, తొండం పైకుందా కిందికుందా, వెనక ఉజ్జయిని గుర్తులోని సున్నాల్లో చుక్క ఉందా, అన్నీ రాసుకోండి. నగల తూకం మీద బరువు చూడండి. ఏ విషయంలోనూ కొత్తగా ఏమీ చెప్పనిది ఉంటే, అది మాత్రం నిశ్చింతగా ఇచ్చేయండి.

ఇంకో మాట. అచ్చులోని గీత రెండు నాణేల్లో ఒకేలా ఉండొచ్చు. అంచు మీది పగులు, నొక్కు మాత్రం ఏ బిళ్ళది ఆ బిళ్ళదే. అవి కూడా అచ్చం ఒకేలా ఉంటే పోత పోసిన నకిలీ అని అనుమానించండి.

మొదటి జవాబిచ్చినవారు:
ఒప్పుకుంటున్నా. మూడు అన్న లెక్క వెనక్కి తీసుకుంటున్నా. పెదనాన్నగారి నాణేలు చెక్కపెట్టెలో ఉంటే ఇవాళే తీసేయండి. చెక్క నుంచి వచ్చే ఆవిరికి సీసం తెల్లగా పొడిపొడి అవుతుంది. దాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
చెక్కపెట్టేనండి, రెండింటికి తెల్లపొడి పట్టింది కూడా. వాటిని విడిగా పెట్టాను. నిన్న రాత్రి పదకొండూ చూశాను. ఆరింటిలో అక్షరాలు వేర్వేరు చోట్ల పడ్డాయి, ఒకదానిలో ‘పులు’ వరకు చదవగలిగాను, పులుమావి రాజు పేరేమో! మూడు బాగా అరిగిపోయాయి, అవి ఇచ్చేస్తాను. మిగిలిన రెండింటికీ అంచు మీద ఒకేచోట ఒకే నొక్కు ఉంది, బరువులో మాత్రం గ్రాము పైగా తేడా. అవి పెదనాన్నవి కావు. రెండేళ్ల క్రితం ‘జోడీ సార్, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి’ అంటే మురిసిపోయి నేనే కొన్నాను. డూప్లికేట్లే, కాకపోతే మనూళ్లో వాడే అర్థంలో.